కోల్‌కతాలో రెండు రాత్రుల భోజనం

మన సంస్థలో పర్యటన బిల్లు రాయని ఉద్యోగి అరుదు. పనిమీద పొరుగూరు వెళ్ళినవారికి పగలు తమది కాదు. కర్మాగారం, కాగితాలు, సంతకాలతోనే ప్రొద్దుగూకుతుంది. ఆ ఊరిని చూడడానికి మిగిలేది రాత్రి భోజనవేళ ఒక్కటే. అందుచేత ఎక్కడ భోంచేయాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా నిజానికి అంత చిన్నది కాదు. గత వర్షాకాలంలో కోల్‌కతాలో గడిపిన రెండు రాత్రులు నాకీ సంగతి నేర్పాయి.

హౌరాలోని ఒక కర్మాగారంలో మన యంత్రభాగాల తనిఖీకి ముగ్గురం వెళ్ళాము. నాతోపాటు ఒక మహిళా ఇంజనీరు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన ఒక టెక్నీషియన్. ఆమె శాకాహారి. అతనిది గోదావరి ఒడ్డున ఒక పల్లె. బస ఎస్ప్లనేడ్ దాపున ఒక అతిథిగృహంలో. అక్కడ ఉదయపు ఫలహారం తప్ప వేరే వంట లేదు. పని ముగించుకొని హౌరానుండి మెట్రో రైలెక్కితే హుగ్లీ నది అడుగునుండి వచ్చి ఎస్ప్లనేడ్‌లో దిగుతాము. దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ నగరంలోనే నడిచింది. నదికింది మార్గం 2024 మార్చిలో ప్రారంభమైంది.

మొదటి రాత్రి నిర్ణయం నాదే. కోల్‌కతా వచ్చి పార్క్ స్ట్రీట్ చూడకుండా వెళ్ళడమేమిటని, ఇద్దరినీ అక్కడి ఒక పేరున్న భోజనశాలకు తీసుకువెళ్ళాను. దీపాలు, తెల్లని మేజాబట్టలు, మెల్లని సంగీతం. వంటకూ వడ్డనకూ వంక పెట్టలేము. పదార్థాల పట్టిక చేతికి రాగానే మా టెక్నీషియన్ చూపు ఎడమవైపు పేర్లమీదకు పోలేదు, కుడివైపు అంకెలమీద నిలిచింది.

"నాకు ఆకలిగా లేదు సార్. సూపు చాలు" అన్నాడు.

బిల్లు నేనిస్తానన్నాను. "వద్దు సార్" అని నవ్వి ఊరుకున్నాడు. మేమిద్దరం తిన్నాము, అతడు చెంచాతో సూపు కలుపుతూ కూర్చున్నాడు. బసకు చేరాక పది గంటలవేళ కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో బండివాడి దగ్గర నిలబడి, ఆవనూనె కలిపిన మరమరాలు కాగితపు పొట్లంలోంచి తింటున్నాడు. ఒకటి అయిపోయాక రెండవ పొట్లం కొన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముగ్గురం చేస్తున్న పని ఒకటే, కాని మా దినభత్యాలు ఒకటి కావు. అందులో అతడు ఇంటికి ఎంత మిగిల్చుకోవాలనుకున్నాడో నాకు తెలియదు. నేను చోటును ఎంచుకున్నాను గాని మనుషులను చూసి ఎంచుకోలేదు. నేనిస్తానన్న మాటకూడా అతనికి ఉపకారంగా కాక భారంగానే తోచి ఉంటుంది.

మరునాడు సాయంత్రానికి ముగ్గురి మనసులో మూడు చోట్లున్నాయి. దక్షిణాదివారు చిరకాలంగా స్థిరపడిన లేక్ మార్కెట్ ప్రాంతానికి వెళితే ఇడ్లీ, సాంబారు దొరుకుతాయని మా ఇంజనీరు అన్నారు. నాకు బంగాళాదుంప వేసిన కోల్‌కతా బిరియానీమీద మనసు. 1856లో రాజ్యం పోగొట్టుకొని లక్నోనుండి ఇక్కడికి వచ్చిన నవాబు వాజిద్ అలీ షా వంటవారితో ఆ వంట వచ్చిందంటారు. టెక్నీషియన్ మాత్రం, "మీరు వెళ్ళిరండి సార్, నేను బజారు చూసి వస్తాను" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున మా రైలు. అంటే మిగిలింది ఆ ఒక్క పూటే.

అతిథిగృహపు కాపలాదారు ఖరగ్‌పూర్ పరిసరాలవాడు. అక్కడి రైల్వే తెలుగువారి సావాసంచేత నాలుగు తెలుగు మాటలు వచ్చు. మంచి హోటలు ఏదని అతణ్ణి అడగలేదు. అలా అడిగితే ఖరీదైన చోటే చెబుతారు. "ఊరినుండి మీ తమ్ముడు వస్తే ఎక్కడికి తీసుకువెళతావు?" అని అడిగాను. ఆలోచించకుండా, "జాన్‌బజార్‌లో పైస్ హోటల్" అన్నాడు.

రూపాయికి అరవైనాలుగు పైసలున్న కాలంలో, కొద్దిపాటి పైసలకే కడుపు నింపిన పూటకూళ్ళు ఇవి. 1957లో దశాంశ నాణేలు వచ్చి ఆ పాత పైసలు పోయినా పేరు నిలిచింది. నగరంలో బంధువులెవరూ లేని గుమాస్తాలకు, విద్యార్థులకు ఇవే ఇల్లు. మేము వెళ్ళినదాని పేరు సిద్ధేశ్వరీ ఆశ్రమం. పేరు ఆశ్రమం, వంటలో చేపలదే పెద్దపీట! హుగ్లీలో చేపలు పట్టే బెస్తలమీద కుంపిణీ విధించిన పన్నును ఎదిరించి గెలిచిన రాణి రాసమణి నివాసం ఈ జాన్‌బజార్‌లోనే. ఆమె పేటలో చేపలకు ఈ గౌరవం ఉచితమేననిపించింది.

ఇక్కడ 'ఫుల్ మీల్స్' అనేది లేదు. ఆ పూట వంటలు పలకమీద రాసి ఉంటాయి. వడ్డించేవాడు వాటిని గడగడ అప్పజెబుతాడు. అన్నానికి ఒక ధర, పప్పుకు ఒక ధర, వేపుడుకు ఒక ధర. అరటి ఆకుకు, నిమ్మచెక్కకు కూడా విడిగా లెక్కే. కావలసినదే అడగాలి, అడిగినదానికే ఇవ్వాలి. ఎవరేమి తిన్నదీ వడ్డించేవాడు జ్ఞాపకం ఉంచుకొని చివర అప్పజెబుతాడు.

శాకాహారులు ఒక జాగ్రత్త పాటించాలి. వంగదేశంలో పప్పులో చేపతల, అరటిపువ్వు కూరలో రొయ్యలు వేసే అలవాటు ఉంది. మా ఇంజనీరు ప్రతిదీ అడిగి తెలుసుకొని, ఉత్త పప్పు, గసగసాల ముద్దతో చేసిన బంగాళాదుంప కూర, తియ్యని టమాటా చట్నీ తెప్పించుకున్నారు. భోజనం మొదట తినే చేదు కూర శుక్తో అడిగితే, అది మధ్యాహ్నపు వంట, రాత్రి ఉండదన్నారు. గసగసాల కూర రుచి చూసి, "మా అమ్మమ్మ వంటలా ఉందండీ" అన్నారామె. నేను ఆవ పెట్టి వండిన చేప తీసుకున్నాను. ఆవ పెట్టిన కూర మనకు కొత్త కాదు. వారు దానిని చేపకు పెడతారు, మనం పనసపొట్టుకు, అరటికాయకు పెడతాము.

మా టెక్నీషియన్ పలకవంక చూస్తున్నాడు. అందరికన్నా పైధర ఇలిశ చేపది. "ఇలిశంటే ఏమిటి సార్?" అన్నాడు. సముద్రంనుండి వరదనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తే మనం పులస అంటామే, అదేనన్నాను. అతని ముఖం విప్పారింది. ఒక్క నిమిషం మనసులో లెక్క వేసుకున్నాడు. తరువాత అన్నం, ఒక ఇలిశ ముక్క మాత్రం చెప్పాడు. పప్పు లేదు, వేపుడు లేదు. మళ్ళీ రెండుసార్లు అన్నం వేయించుకొని, ముళ్ళు ఓపికగా ఏరుకుంటూ తృప్తిగా తిన్నాడు. "పులస తిని నాలుగేళ్ళయింది సార్. నాన్న పోయాక ఇంట్లో వండలేదు" అన్నాడు.

ఎవరి లెక్క వారికి అప్పజెప్పారు, ఎవరి డబ్బు వారిచ్చాము. ముగ్గురి మొత్తాలలో పెద్ద తేడా లేదు. బయటికి వచ్చాక అతడు మాకు చెప్పకుండా ఒక మిఠాయి దుకాణంలోకి వెళ్ళి, చిన్న మట్టిపిడతలలో మూడు మిష్టి దొయ్ పట్టుకువచ్చాడు. ఎర్రగా కాచిన చక్కెరతో తోడుపెట్టిన పెరుగది.

"ఇది నాది సార్" అన్నాడు.

వద్దనలేదు. చినుకులు పడుతుంటే దుకాణపు చూరుకింద నిలబడి ముగ్గురం తిన్నాము.

ఈ వ్యాసం చదివే మన సోదర ఉద్యోగులకు, ముఖ్యంగా పదిమందిని వెంటబెట్టుకుని పర్యటనలు చేసే అధికారులకు ఒక్క మనవి. క్రొత్త ఊరిలో రాత్రి భోజనానికి బయలుదేరేముందు, అక్కడ ఏది ప్రసిద్ధమని అడగడం మంచిదే. మీతో వచ్చినవారిలో ఎవరైనా ఆకలి లేదంటున్నారేమో కూడా ఒకసారి గమనించండి. ఉంటే, ఆ పూటకు వేరే చోటు చూడండి.