సారె మోసుకెళ్ళే దారి

ఉగాది ఇంకో పది పన్నెండు రోజులుందనగా మా సింధనూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్ళే గుంపులు బయల్దేరతాయి. భుజాన కంబి, నెత్తిన మూట, నోట మల్లయ్య పేరు. కన్నడవాళ్ళకి భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. పండక్కి ఆడబిడ్డకి చీర పెట్టాలి కదా! అందుకని రాయచూరు నుంచి, బాగల్‌కోట నుంచి, ఇంకా అవతలి నుంచి కూడా వందల కిలోమీటర్లు నడిచి వెళ్ళి పెట్టి వస్తారు.

మన క్లాసులో చాలామందికి సింధనూరు తెలియదు కాబట్టి రెండు మాటలు. అది కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో ఉంది. 1953లో తుంగభద్ర డ్యామ్ ప్రారంభమయ్యింది. ఎడమ కాలువ నీళ్ళు పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ పొలాలు కొని వరి వేశారు. వాళ్ళుండే ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. నేను అలాంటి ఒక క్యాంపు పిల్లని. అక్కడ మేము 'ఆంధ్రావాళ్ళం'. ఇక్కడ హాస్టల్లో నేను 'కన్నడమ్మాయి'ని.

పోయిన ఉగాదికి మా పక్కింటి అవ్వతో నేనూ వెళ్ళాను. అవ్వకి అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆత్మకూరు దాకా బస్సెక్కడానికి ఒప్పుకుంది గానీ, "అడవి మాత్రం నడవాల్సిందే" అంది. చీర మూటని నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో నల్లమల మొదలవుతుంది. అక్కడ్నించి శ్రీశైలం నలభై కిలోమీటర్లకు పైనే. ఇది పులుల అభయారణ్యం కాబట్టి మామూలు రోజుల్లో ఇష్టమొచ్చినట్టు వెళ్ళనివ్వరు. పండగ రోజుల్లో అటవీశాఖ వాళ్ళు దారి వదులుతారు. నాగలూటిలో వీరభద్రుడి గుడి దాటాక రాతి మెట్ల ఎక్కుడు. రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించిన సంగతి మనం పాఠంలో ఒక్క వాక్యంలో చదివేశాం. ఎండలో కొండెక్కుతుంటే ఒక్కో మెట్టు ఎంత ఉపకారమో కాళ్ళకి తెలుస్తుంది.

మార్చి నెలాఖరుకి అడవిలో నీడ ఉండదు. టేకు ఆకులన్నీ రాలి కింద గలగలమంటున్నాయి. అక్కడక్కడ మోదుగ పూలు, ఇప్పపూల వాసన. పెచ్చెరువు చేరేసరికి నా రెండు మడమలూ పొక్కులెక్కాయి. అక్కడ చెంచు గూడెం ఉంది. రాత్రికి చెరువు దగ్గరే, వందలమంది మధ్య పడుకున్నాం. జొన్నరొట్టె, పల్లీల పొడి ఎవరు పెట్టారో కూడా తెలియదు, తిన్నాను.

రెండో రోజు కష్టం వేరు. మఠంబావి దాటాక దారి భీముని కొలను లోయలోకి దిగిపోతుంది. దిగినంతా మళ్ళీ ఎక్కాలి, కైలాసద్వారం దాకా. నిటారు మెట్లు. సగంలో నాకు కాళ్ళు వణికి కూర్చుండిపోయాను. అవ్వ ఒక చేత్తో మూట పట్టుకుని రెండో చెయ్యి నాకిచ్చింది. "ఇన్నొంద్ చూర్ ఐతి, బా యవ్వా" అంది. ఇంకొంచెమే ఉంది, రామ్మా అని. నిజానికి చాలా ఉంది.

కూర్చున్న చోటే నాకు పాల్కురికి సోమనాథుడు గుర్తొచ్చాడు. పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అంతా శ్రీశైల యాత్రే. పరీక్షకి చదివినప్పుడు ఈ వర్ణనలు ఎందుకింత పొడుగో అనుకున్నాను. ఇప్పుడైతే తక్కువ రాశాడనిపిస్తోంది! ఆయన బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్ళాడు. అంతకు ముందే, పన్నెండో శతాబ్దంలో, కన్నడ నేల నుంచి అక్కమహాదేవి మల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ ఈ కొండకే వచ్చింది. మనం సరిహద్దు అనుకునే చోట రెండు భాషలూ ఇన్ని వందల ఏళ్ళుగా అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. నన్ను ఎటువైపు పిల్లవని అడిగేవాళ్ళకి ఈ దారి చూపించాలనిపించింది.

శ్రీశైలంలో అవ్వ చీర సమర్పించాక తిన్నగా బజారుకి నడిచింది. నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, ఆకుపచ్చ నేత చీర ఇంకోటి కొంది. ఎవరికని అడిగాను.

"మా ఆడబిడ్డకి మేం తెచ్చాం. మీ ఆడబిడ్డ మా ఊళ్ళో ఉందిగా, ఆమెకి ఇక్కడ్నించి ఎవరు తేవాలి?" అంది.

మా నాయనమ్మ గురించి! అరవై ఏళ్ళ కిందట గుంటూరు జిల్లా నుంచి తాతయ్య వెంట ఆ నల్లరేగడి నేలకి వచ్చింది. మొదట్లో అన్నదమ్ములు పండక్కి చీర తెచ్చేవాళ్ళట. తర్వాత మనియార్డరు. ఆ తర్వాత అదీ లేదు. "అంత దూరం ఎవరొస్తార్లే" అని ఆవిడే సర్ది చెప్పేది. ఆ మాట మేమంతా విన్నాం. ఇంట్లో ఉండీ మాకు తట్టనిది పక్కింటి అవ్వకి తట్టింది.

ఇంటికొచ్చాక చీర చేతికిస్తే నాయనమ్మ అంచు తడిమి చూసి, "రంగు బాగుందే" అని లోపలికి తీసుకెళ్ళింది. అంతకు మించి ఏమీ అనలేదు. శ్రీరామనవమికి క్యాంపు రామాలయంలో పానకం పంచుతుంటే అదే కట్టుకుని వచ్చింది. ఎవరు పెట్టారని అడిగిన ప్రతివాళ్ళకీ, "మా పుట్టింటి నుంచి వచ్చింది" అని చెప్పింది. పక్కనే పానకం గ్లాసు పట్టుకుని నించున్న అవ్వ అవునన్నట్టు తలూపింది.