ట్రక్కు సరే, ఏ ఇంజన్?

మన వైపు వెనక తొట్టి ఉన్న బండి అంటే కూరగాయల బుట్టలో, సిమెంటు బస్తాలో గుర్తొస్తాయి. ఇక్కడ టెక్సస్‌లో అది ఇంటి బండి. స్కూలు ముందూ అవే, గుడి ముందూ అవే. మా పాత కారు పదహారేళ్లు సేవ చేసి ఇక నావల్ల కాదంది. మావారు ఫోర్డ్ మావెరిక్ మీద మనసు పడ్డారు. చిన్న ట్రక్కు, అయిదుగురం కూర్చోవచ్చు, వెనక నాలుగున్నర అడుగుల తొట్టి. కొత్తది వద్దనుకుని 2022 మోడల్ బండ్లు చూశాం. పేచీ అంతా ఇంజన్ దగ్గరే వచ్చింది.

పెట్రోలుదైతే 2 లీటర్ల టర్బో, 250 హార్స్‌పవర్. హైబ్రిడ్‌లో 2.5 లీటర్ల ఇంజనూ కరెంటు మోటారూ కలిపి 191. "రేపు పడవ కొంటే లాగొద్దూ?" అంటారు ఈయన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కానీ ఆయన మాటలోనూ నిజముంది. టో ప్యాకేజీ ఉన్న పెట్రోలు బండి 4,000 పౌండ్లు లాగుతుంది, హైబ్రిడ్ 2,000 దాకానే. నాలుగు చక్రాల డ్రైవ్ కూడా ఆ మోడల్ హైబ్రిడ్‌లో లేదు.

నేను వాదనకు దిగలేదు. పాలలెక్క రాసుకున్నట్టు, ఒక నెలపాటు కారు ఎక్కడికెళ్లిందీ క్యాలెండర్ మీద రాశాను. స్కూలు, వయొలిన్ క్లాసు, ఇండియన్ స్టోరు, మందుల షాపు. అంతా సిగ్నళ్ల మధ్య తిరుగుడే. హైబ్రిడ్ కలిసొచ్చేది అక్కడే. బ్రేకు వేస్తే వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది, మళ్లీ కదిలేటప్పుడు మోటారు దాన్ని వాడుకుంటుంది. అందుకే ఆ బండి గ్యాలన్‌కి హైవే మీద 33 మైళ్లిస్తే, ఊళ్లో 42 ఇస్తుంది. పెట్రోలు బండికి ఇది తలకిందులు.

ఊరూ హైవే కలిపి చూస్తే హైబ్రిడ్‌కి 37, మేం చూసిన నాలుగు చక్రాల పెట్రోలు బండికి 25. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 156 గ్యాలన్లు మిగులు. గ్యాలన్ 3 డాలర్లనుకున్నా 468 డాలర్లు. హైబ్రిడ్‌కి మాకు 1,500 ఎక్కువ చెప్పారు. మూడేళ్లు దాటి రెండు మూడు నెలలకి అది తిరిగొచ్చేస్తుంది. బ్యాటరీ పోతేనో అని నాకూ గుబులే. దానికి 8 ఏళ్లు లేదా 100,000 మైళ్ల వారంటీ ఉంది, ఇంకా చాలా మిగిలే ఉంది.

నెలకి 39 డాలర్లు ఒక లెక్కా అనొచ్చు. వచ్చే ఏడాది అమ్మాయి కాలేజీకి వెళుతోంది. ఈయన ఆఫీసులో ఇప్పటికే రెండు విడతలు మనుషుల్ని తీసేశారు. ఇల్లు నడిపేవాళ్లకి 39 కూడా లెక్కే.

క్యాలెండర్ చూసి ఈయన చాలాసేపు మాట్లాడలేదు. "పడవ సరదా పుడితే ఆ రోజుకి పెద్ద ట్రక్కు అద్దెకు తెచ్చుకుందాంలే" అన్నారు చివరికి. హైబ్రిడ్ తెచ్చుకున్నాం.

మీరు నిజంగా బరువులు లాగేవాళ్లయితే పెట్రోలుదే తీసుకోండి. హైవే మీదే తిరుగుతారా, తేడా 4 మైళ్లే. ముందు మాత్రం ఒక నెల రాసి చూడండి. బండి సంగతి మగవాళ్లు చూసుకుంటారులే అని వదిలేయకండి, రోజూ తోలేది మనమే కదా.