గాజుగోడల నడుమ

విజయవాడలో ఒక గృహస్థుని ఇంటి ముందరి గదిలో రెండడుగుల గాజుతొట్టి యొకటి యుండెను. ఆ ఇంటి బాలుడు అంగడిలో రెండు చేపపిల్లలను చూచి ముచ్చటపడి, కొని తెచ్చి అందులో విడిచెను. ఒకటి అమెజాను నదీప్రాంతపు ఆస్కారు. రెండవది మధ్య అమెరికాకు చెందిన జాక్ డెంప్సీ. 1919 మొదలు 1926 వరకు ప్రపంచ ముష్టియుద్ధవీరుడుగా వెలసిన వాని పేరే ఈ చేపకు పెట్టిరి. వేలెడంత పిల్లను చూచిన బాలునకు ఆ పేరు వేడుకగా తోచినదే గాని హెచ్చరికగా తోచలేదు.

నెలలు గడచెను. రెండును మాంసాహారులు, వేసిన మేతనెల్ల మ్రింగి బలిసినవి. ఆస్కారు జానెడు పొడవు దాటినది. తొట్టి మాత్రము పెరుగలేదు.

అంతట వాని నడవడి మారెను. జాక్ డెంప్సీ ఒక మూల గులకరాళ్లను నోట కరచి తొలగించి, గుంట చేసికొని, ఆ చోటు తనదే యన్నట్లు కాచుచుండెను. ఆస్కారు దాపునకు వచ్చినచో మొప్పలు విప్పి, రెక్కలు నిక్కించి, దేహమును అడ్డముగా త్రిప్పి బెదిరించెడిది. పెక్కుసారులు చేపలు ఇంతటితోనే పరస్పర బలాబలములు తెలిసికొని విరమించును. అట్లు కానిచో నోటితో నోరు పట్టి పెనుగులాడును. ఒక ఉదయమున బాలుడు లేచి చూచుసరికి ఆస్కారు చిరిగిన తోకతో, పొలుసులూడిన ప్రక్కలతో, ఒక మూల కదలక నిలిచియుండెను.

"తాతయ్యా! ఈ జాక్ డెంప్సీ వట్టి దుర్మార్గపు చేప. దీనిని కాలువలో పారవేసెదను" అని బాలుడు కన్నీరు పెట్టుకొనెను.

"వలదు నాయనా! ఆ పరదేశపు చేప మన కాలువలో బ్రదికి పెరిగినచో, అందలి చేపపిల్లలకు చేటు. ఒక మాట వినుము. నా చిన్నతనమున మా ఊరి చెరువులో కొరమీను తన ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచుండగా చూచితిని. దరికి వచ్చిన చేపపై అది దుమికెడిది. వచ్చినది పారిపోగానే తాను మరలి పిల్లల కడకు చేరెడిది. ఓడినదానికి చెరువంతయు చోటే. ఓడిన ఈ ఆస్కారునకు నీవేమి చోటిచ్చితివి?"

బాలుడు బదులు పలుకలేదు.

1973లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో పంచుకొనిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్, తొట్లలోను సముద్రములోను చేపలను పరిశీలించి, 1963లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే వివరించెను. తన నెలవు నడుమ చేపకు ధైర్యమధికము. దూరమైన కొలది అది సన్నగిల్లును. కనుక సముద్రమున ఓడిన చేప ఎల్ల దాటి బ్రదుకును. గాజుగోడల నడుమ దాటుటకు ఎల్లయే లేదు. అందుచే అచ్చట తరిమివేయుటతో ముగియవలసిన కలహము ఇచ్చట ప్రాణము తీయును.

ఆనాడే తాత తొట్టి నడుమ ఒక గాజుపలక నిలిపి రెంటిని వేరుచేసెను. మరునాడు బాలుడు జాక్ డెంప్సీని అంగడివానికి ఊరకే తిరిగి యిచ్చి, దీపావళి టపాకాయలకై దాచుకొనిన సొమ్మును తండ్రి చేతిలో పెట్టెను. తండ్రి మిగిలినది కలిపి, ఆస్కారునకు నాలుగడుగుల తొట్టి చేయించెను. కొన్ని వారములకు చిరిగిన తోక మరల పెరిగినది.

పిమ్మట ఒకనాడు అంగడివాడు నిగనిగలాడు చేపపిల్ల నొకదానిని చూపి, "దీని వెల స్వల్పమే, కొనుము" అనెను. బాలుడు వెల అడుగలేదు. "ఇది ఎంత పెరుగును? దీనికెంత చోటు కావలయును?" అని అడిగెను.