హోల్డ్‌లో పడ్డ డబ్బు ఎవరిది?

అమెరికాలో రెస్టారెంట్‌లో తిని, బిల్లు వచ్చాక సర్వర్ చేతికి కార్డు ఇచ్చినంత మాత్రాన డబ్బు కట్టేసినట్టు కాదు. కట్టడానికి ఒప్పుకున్నట్టు, అంతే. చివరికి ఎంత పడుతుందో ఆ రాత్రికో, మర్నాటికో, ఒక్కోసారి రెండు మూడు రోజులకో తేలుతుంది. ఈలోగా ఖాతాలో కనిపించే అంకెలు కొత్తగా వచ్చినవాళ్లకి గుండె గుభేలుమనిపిస్తాయి. టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ సంసారం నడుపుతున్న నేను డబ్బు విషయంలో పెట్టుకున్న కట్టుబాట్లలో కొన్ని ఈ రెండు మూడు రోజుల గురించే. షేర్లు, స్థలాల లాంటి పెద్ద ముచ్చట కాదిది. ఏ కార్డు ఎక్కడ తియ్యాలి, ఏది పర్సులోనే ఉంచాలి అన్నంత చిన్న సంగతి. ఖాతాలో నిండా డబ్బున్నవాడికి చిన్న సంగతే. నెలాఖరున రెండు వందల డాలర్లతో ఈదుతున్నవాడికి మాత్రం కాదు.

మా అక్క కొడుకు ఎం.ఎస్. చదవడానికి టెక్సస్‌లోనే ఉన్న డెంటన్ వచ్చిన కొత్తలో ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "మామయ్యా, రాత్రి బిర్యానీకి రెండుసార్లు కట్ చేశారు. ఒకటి అరవై తొమ్మిది, ఇంకోటి ఎనభై రెండు. అద్దెకి ఉంచుకున్నది కూడా పోయింది."

స్క్రీన్‌షాట్ పంపరా అన్నాను. చూస్తే రెండూ పెండింగ్‌లోనే ఉన్నాయి. నలుగురు తిన్న బిల్లు 64 డాలర్లు. మా వైపు అమ్మకం పన్ను 8.25 శాతం, అంటే 5 డాలర్ల 28 సెంట్లు. మొత్తం 69.28. సర్వర్ కార్డు తీసుకెళ్లి గీకినప్పుడు బ్యాంకు ఆ 69.28కి సరేనంది. ఆ తర్వాత వీడు రసీదు మీద 13 డాలర్ల టిప్పు రాసి సంతకం పెట్టాడు. లెక్క 82.28 అయింది. మామూలుగా ఈ రెండో అంకె వచ్చి మొదటి అంకె స్థానంలో కూర్చుంటుంది. ఆ రెస్టారెంట్ మెషిన్ రెండో అంకెను కొత్త లావాదేవీగా పంపినట్టుంది. బ్యాంకుకి ఆ రెండింటికీ చుట్టరికం ఉందని తెలియలేదు. దాంతో రెండూ కలిపి 151.56 డాలర్లు ఖాతాలో ఇరుక్కుపోయాయి. ఇలా బ్యాంకు డబ్బు ఆపి ఉంచడాన్నే హోల్డ్ అంటారు.

వాడు రెస్టారెంట్‌కి ఫోన్ చేస్తే "మాకు ఎనభై రెండే వచ్చాయి, కావాలంటే మా లెక్క చూసుకోండి" అన్నారు. అది నిజం. బ్యాంకుకి ఫోన్ చేస్తే "పెండింగ్‌లో ఉన్నదాని మీద ఫిర్యాదు తీసుకోం, పోస్ట్ అయ్యాక చెయ్యండి" అన్నారు. అదీ వాళ్ల పద్ధతి ప్రకారం సరైనదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, మధ్యలో కుర్రాడి డబ్బు మాత్రం చేతికి అందదు. అద్దె సోమవారం ఆటోమేటిక్‌గా కట్ అవుతుంది. ఖాతాలో చాలకపోతే బ్యాంకును బట్టి 30, 35 డాలర్ల దాకా జరిమానా, పైగా ఇంటి యజమాని వేసే ఆలస్య రుసుము. బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే జెల్‌లో నేను కొంత వేశాను, గండం గడిచింది. ఆ 69.28 బుధవారానికి దానంతటదే మాయమైపోయింది. ఒక్క సెంటు పోలేదు. కానీ మామయ్య లేని కుర్రాడికైతే పోయేదే, రెస్టారెంట్‌కి కాకుండా బ్యాంకుకీ ఇంటాయనకీ.

ఈ తిరకాసుకి మూలం టిప్పు. మన దగ్గర మెషిన్‌లో అంకె కొట్టి మనకి చూపిస్తారు, మనం పిన్ కొడతాం, అక్కడితో కథ ముగుస్తుంది. ఫోన్‌పే అయితే అదీ లేదు, స్పీకర్ అరిచేలోపే డబ్బు అవతలికి చేరుతుంది. ఇక్కడ సంతకం పెట్టాకే అసలు అంకె పుడుతుంది. టిప్పు తీసుకునే ఉద్యోగికి ఫెడరల్ కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచీ అది కదల్లేదు. టెక్సస్‌లో ఇదే అమలు. టిప్పు కలిపినా మామూలు కనీస వేతనం రాకపోతే యజమాని సర్దాలని చట్టం ఉన్నా, సర్వర్ ఇల్లు నడిచేది మనం రాసే ఆ గీత మీదే. కాబట్టి టిప్పు ఎగ్గొట్టే ఉపాయాలు నేను చెప్పను. ఆ గీత కోసమే బిల్లుకీ వసూలుకీ మధ్య సందు వదిలారు. కొన్ని చోట్ల టిప్పు వస్తుందన్న అంచనాతో ముందే 20 శాతం కలిపి హోల్డ్ పెడతారు. 69.28 బిల్లుకి 83.14 పెండింగ్‌లో కనిపిస్తే మోసం జరిగిందని కంగారు పడక్కర్లేదు. నగదు టిప్పు బల్ల మీద పెట్టి వచ్చినా ఆ అంకె కొద్ది రోజులు అలాగే ఉండొచ్చు.

డెబిట్ కార్డు మీద పెట్టిన హోల్డ్ మన సొంత డబ్బుకి వేసిన తాళం. క్రెడిట్ కార్డు మీద పెట్టిన హోల్డ్ బ్యాంకు ఇస్తానన్న అప్పుకి వేసిన తాళం. నా క్రెడిట్ లిమిట్‌లో నూట యాభై డాలర్లు నాలుగు రోజులు ఇరుక్కుంటే నాకు తెలియను కూడా తెలియదు. అందుకే బయట తిండికి, పెట్రోలుకి, లాడ్జీలకి డెబిట్ కార్డు తియ్యకూడదని నిర్ణయం తీసుకున్నాను. నా డెబిట్ కార్డు ఏటీఎం దాటి బయటికి రాదు.

చట్టం కూడా ఈ రెండింటినీ ఒకేలా చూడదు. క్రెడిట్ కార్డు బిల్లులో తప్పు పడితే 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ఉంది. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా తెలియజేస్తే, విచారణ తేలేదాకా ఆ వివాదం ఉన్న మొత్తం కట్టక్కర్లేదు. డెబిట్ కార్డుకి 1978 నాటి వేరే చట్టం. అక్కడ డబ్బు ముందే వెళ్లిపోయింది, తిరిగి రప్పించుకోవాలి. దొంగ చేతిలో పడ్డ కార్డయితే తేడా ఇంకా పెద్దది. క్రెడిట్‌లో మన బాధ్యత మహా అయితే 50 డాలర్లు. డెబిట్‌లో తెలిసిన రెండు పనిదినాల లోపు చెబితే 50, ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ వచ్చి 60 రోజులు దాటినా చెప్పకపోతే ఆ తర్వాత పోయిన దానికి హద్దే లేదు. బ్యాంకులు తమంతట తాము ఇంతకంటే ఉదారంగా ఉండొచ్చు. ఆ ఉదారత మీద అద్దె డబ్బు పెట్టలేం కదా.

పెట్రోల్ బంకుల దగ్గర ఇది మరీ ఘోరం. పంపు దగ్గర కార్డు పెట్టగానే, మనం ఎంత పోయించుకుంటామో తెలియదు కాబట్టి 175 డాలర్ల దాకా హోల్డ్ పెట్టొచ్చు. 2022లో ధరలు పెరిగినప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్ ఆ పరిమితిని 125 నుంచి అంతకి పెంచాయి. ముప్ఫై డాలర్ల పెట్రోలుకి నూట డెబ్భై అయిదు ఆగిపోవచ్చన్నమాట. డెబిట్ తప్ప గత్యంతరం లేనివాళ్లకి నేను చెప్పేది ఒకటే: లోపలికెళ్లి క్యాషియర్‌కి "పంప్ నంబర్ నాలుగు, ముప్ఫై డాలర్లు" అని ముందే కట్టండి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. నాన్న తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు ప్రీపెయిడ్ సరుకు, అందులో ఉన్నది ఆయన డబ్బే. నయాగరా చూపించడానికి తీసుకెళ్లినప్పుడు లాడ్జిలో డిపాజిట్ కోసం ఆ కార్డు ఇవ్వబోతే ఆపి నాది ఇచ్చాను. గది ఖాళీ చేశాక కూడా అలాంటి హోల్డు రోజుల తరబడి వదలకపోవచ్చు. ఈలోగా ఆయన విమానం ఎక్కి వెళ్లిపోతారు. ఆ కార్డు కొట్లలో కొనుగోళ్లకి వాడమన్నాను.

హోల్డు ఎప్పటికో అప్పటికి తిరిగొస్తుంది. తిరిగిరానివి బిల్లులోనే ఉంటాయి. మిత్రులం కొన్ని కుటుంబాలం కలిసి భోజనానికి వెళ్లాం. చాలా చోట్ల ఆరుగురో ఎనిమిదిమందో దాటితే టిప్పు వాళ్లే కలిపేస్తారు. బిల్లు 180, పన్ను 14.85, దాని కింద చిన్న అక్షరాల్లో గ్రాట్యుటీ 18 శాతం, 32.40. మొత్తం 227.25. సర్వర్ ట్యాబ్లెట్ తిప్పి చూపిస్తే అందులో మళ్లీ 18, 20, 25 అని మూడు గళ్లు. నడిమి గడి నొక్కితే ఇంకో 45.45 పడేది. ఆ 20 శాతం కూడా అసలు బిల్లు మీద కాదు, పన్నూ మొదటి టిప్పూ కలిపిన మొత్తం మీద. కాగితం రసీదు అడిగాను, ఆ గ్రాట్యుటీ గీత చూపించాను. "అవునవును, అది చేరిపోయింది, ఇంకేం పెట్టక్కర్లేదు" అని సర్వరే అంది. దాచే ఉద్దేశం ఆమెకి లేదు. అడగకుండా చెప్పే అలవాటూ లేదు.

మరోటి కార్డు వాడినందుకు వేసే సర్‌ఛార్జి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. క్రెడిట్ కార్డు మీద వీసా నిబంధనల ప్రకారం 3 శాతం మించకూడదు, డెబిట్ మీద అసలు వెయ్యకూడదు. నాకు తిండి ఖర్చు మీద మూడు శాతం వెనక్కిచ్చే కార్డు ఉంది. సర్‌ఛార్జి వేసే చోట ఆ లాభం ఎడమ చేత్తో ఇచ్చి కుడి చేత్తో తీసుకున్నట్టే. అలాంటి చోట నగదు ఇస్తాను. అందుకోసం పర్సులో ఎప్పుడూ రెండు మూడు ఇరవై నోట్లు ఉంటాయి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు ఈ హోల్డుల బెడద ఉండదు, అక్కడి చిక్కులు వేరు. బిల్లులో సర్వీస్ ఛార్జి తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కాబట్టి మామూలు రెస్టారెంట్ బిల్లులో 5 శాతం జీఎస్టీ కాక పది శాతం సర్వీస్ ఛార్జి కనిపిస్తే "తీసెయ్యండి" అనడానికి మొహమాటం అక్కర్లేదు. వినకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఇక మెషిన్ ఫెయిల్ అని చీటీ ఇచ్చి, మన ఫోన్‌కి మాత్రం డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తే, 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లో ఆ సొమ్ము తిరిగి వెయ్యాలి. దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం. ఫెయిల్ అయిన ఆ చీటీని పారెయ్యకుండా ఫొటో తీసి ఉంచుకుంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఇక్కడైనా అక్కడైనా నాకు పనికొచ్చిన అలవాటు అదే. టిప్పు రాసి, మొత్తం కూడి, సంతకం పెట్టాక రసీదుని ఫోన్‌లో ఫొటో తీస్తాను. వారానికోసారి, అంకె పెండింగ్ నుంచి పోస్ట్‌కి మారాక, దాన్ని పక్కన పెట్టి సరిచూస్తాను. పెండింగ్‌లో ఉండగా చూసి బుర్ర పాడుచేసుకోను. పోస్ట్ అయిన అంకె నేను రాసిన దానికంటే ఎక్కువుంటే ముందు రెస్టారెంట్ మేనేజర్‌కి ఫోన్ చేస్తాను. 13 అని రాసింది 18 లాగా కనబడిందని చెప్పి అప్పటికప్పుడు తేడా వెనక్కి వేసినవాళ్లున్నారు. అక్కడ తెగకపోతేనే బ్యాంకు.

హోల్డు వల్ల ఎవరి సొమ్మూ పోదని బ్యాంకులు చెప్పేది అక్షరాలా నిజం. కానీ దాని బరువు అందరి మీదా సమానంగా పడదు. లిమిట్ పుష్కలంగా ఉన్న క్రెడిట్ కార్డు దొరికేది జీతం, క్రెడిట్ చరిత్ర ఉన్నవాడికి. వాడికి హోల్డు తగిలినా నొప్పి తెలియదు. నిన్నగాక మొన్న దిగి, డెబిట్ కార్డు ఒక్కటే ఉన్న విద్యార్థికి తాళం పడేది నేరుగా అద్దె డబ్బుకే. మా మేనల్లుడిని నా కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చింది అందుకే, తర్వాత వాడే ఒక స్టూడెంట్ కార్డు సంపాదించుకున్నాడు. అలా చేర్చే చుట్టం లేకపోతే డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోవచ్చు.

ఒక్క షరతు వాడికి గట్టిగా చెప్పాను: నెల నెలా బిల్లు మొత్తం కట్టెయ్యాలి, మినిమమ్ కాదు. క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి ఇరవై శాతం పైమాటే, అది తినే డబ్బు ఏ హోల్డూ తినదు. అలా కట్టగలనన్న నమ్మకం నీ మీద నీకు లేకపోతే డెబిట్‌తోనే ఉండు, కానీ ఖాతాలో రెండు వందల డాలర్లు లేనట్టే లెక్క వేసుకుని ఖర్చు పెట్టు అన్నాను. ఇరుక్కుంటే ఆ రెండు వందలే ఇరుక్కుంటాయి, అద్దె జోలికి రావు.