మూసీ ఒడ్డున ఎర్రరంగు

28 సెప్టెంబర్ 2024, శనివారం
1908లో ఇదే తేదీన మూసీ పొంగి హైదరాబాదు మీద పడింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. పొద్దున ఆ చెట్టు చూసి, చాదర్‌ఘాట్ వైపు నడిచాను. ఓ రేకుల ఇంటి గోడ మీద అధికారులు ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి పోయారు. ఇల్లు నదిలో ఉంది, తీసేస్తారని దాని అర్థమట. ఆ అక్షరాల పక్కనే మేకుకు బడిసంచి వేలాడుతోంది.

30 సెప్టెంబర్
వరద పోయిన మూడేళ్లకు, 1911లో ప్లేగు వచ్చింది. మరుసటేడు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు కొట్టేసి గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టడం దాని పని. మొగల్‌పురా, సుల్తాన్‌షాహీల్లో కట్టింది. పత్తర్‌గట్టీ రాతి కమాన్లూ ఆ బోర్డువే. ఆ కమాన్లంటే నాకు ప్రాణం. ఆ కమాన్ల రోడ్డు కోసం ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎటు వెళ్లారని మాత్రం ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు.

3 అక్టోబర్
మా ఇంట్లో పనిచేసే ఆవిడదీ మూసీ ఒడ్డు ఇల్లే. గిన్నెలు తోముతూ అంది: “ఇల్లు ఇస్తరంట సారూ. మంచిదే. పొద్దున ఐదిండ్లల్ల పని జేస్త. అంత దూరంకెల్లి ఎట్ల రావాలె?”
నా దగ్గర జవాబు లేదు. టీ ఇచ్చాను.

6 అక్టోబర్
సర్కారు ఇచ్చే ఇళ్లు చూద్దామని ఓ డబుల్ బెడ్‌రూం కాలనీకి పోయాను. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, హాలు, వంటిల్లు. 2015లో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో మొదలైన నమూనా ఇది. లిఫ్టు ఆగిపోయి ఉంది. ఒకాయన గ్యాస్ సిలిండర్ భుజానెత్తుకుని అంతస్తుకోసారి దించుకుంటూ ఎక్కుతున్నాడు. ఐదో అంతస్తులో ఓ ముసలమ్మ నన్ను ముందుగా స్నానాలగదికే తీసుకుపోయి నల్లా తిప్పి చూపించింది. “రాత్రిపూట బయటికి పోవుడు తప్పింది బిడ్డా.” ఇళ్లు వద్దనేవాళ్లు ముందు ఆమెతో మాట్లాడాలి.

8 అక్టోబర్
బస్తీ ఉన్నచోటే బాగుచేయాలన్న ఆలోచన కూడా మనకు కొత్త కాదు. 1967లోనే ఇక్కడ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో ప్రయత్నం మొదలైంది. ఎనభైల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో బస్తీల్లో రోడ్లు, మోరీలు, నల్లాలు, దీపాలు వేశారు. పట్టా చేతికొస్తే మనిషి రేకులు తీసి స్లాబు వేసుకుంటాడు, మరుగుదొడ్డి తనే కట్టుకుంటాడు. రేపు లేపేస్తారన్న భయం ఉంటే ఎవడూ ఇటుక కొనడు. నన్నడిగితే మురికికి సగం తప్పు మోరీది, సగం ఆ భయానిది. కానీ నదిలోనే ఉన్న గుడిసెకు పట్టా ఇవ్వమనీ అనలేను. వాన పడ్డ రాత్రి అక్కడ పిల్లల్ని మంచాల మీదికెక్కించి కూర్చుంటారు.

11 అక్టోబర్
మా ఇంట్లో పనిచేసే ఆవిడ రాలేదు. సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయిందని పక్కింటావిడ చెప్పింది. మిగతా నాలుగిళ్లవాళ్లూ కొత్త మనిషిని వెతుక్కుంటున్నారు. నేనూ అంతే.
కొలతలు రాసుకునే అధికారులకు ఒక్క మనవి: గదులెన్నో రాసుకున్నాక, ఆ ఇంటి నుంచి పనికి పోవడానికి ఏ బస్సుందో, మొదటి బస్సు ఎన్నింటికో కూడా రాసుకోండి.