పిల్లల్ని లేపండి

డిసెంబర్ 13 రాత్రి, రెండు కావస్తోంది. ఊళ్ళో మా డాబా మీద చాప వేసుకుని నేనూ అమ్మా పడుకున్నాం. మిథున రాశి నడినెత్తిన ఉంది. "అదిగోనే!" అని అమ్మ చెయ్యి చాపేలోపే పసుపు గీత ఒకటి సర్రున జారి ఆరిపోయింది.

ఇది జెమినిడ్స్ ఉల్కాపాతం. చాలా ఉల్కాపాతాలకు మూలం తోకచుక్కలైతే, దీనికి మాత్రం 1983లో కనుక్కున్న ఫేథాన్ అనే గ్రహశకలం. ఇసుక రేణువంత ముక్క సెకనుకు దాదాపు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చి మన గాలిలో మండిపోతుంది. అంత చిన్నదానికి అంత వెలుగా! ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

టెలిస్కోప్ అక్కర్లేదు. ఏటా ఇవే రోజుల్లో వస్తాయి. వీధిలైట్లకు దూరంగా వెల్లకిలా పడుకోండి, ఫోన్ లోపల పెట్టేయండి, కళ్ళకు చీకటి అలవాటు కావడానికి 20 నిమిషాలు ఇవ్వండి. పిల్లలు నిద్రపోతుంటే లేపండి, పర్లేదు.