మూడిళ్ల బీపీ పుస్తకం

మా అత్తమ్మకు ముగ్గురు కొడుకులు. పెద్ద బావ వాళ్లు మహబూబాబాద్‌లో, మేము జనగామలో, మరిది వాళ్లు భూపాలపల్లిలో ఉంటాం. అత్తమ్మ నాలుగేసి నెలలు మూడిళ్లలో ఉంటుంది.

పోయిన ఫిబ్రవరిలో మా ఇంటికి వచ్చిన వారానికే బీపీ మిషన్ 170 చూపించింది. కంగారుగా అక్కకు, అంటే మా పెద్ద యారాలికి, ఫోన్ చేశాను. "మా ఇంట్ల నాలుగు నెలలున్నది, ఎన్నడూ గంత లేదు. నీ మిషన్ ఖరాబైందేమో చూస్కో" అన్నది. నీ దగ్గరికొచ్చాకే ఎందుకు పెరిగింది అన్నట్టే వినిపించింది నాకు. "మీరు చూస్తే కదక్కా తెలిసేది" అనేశాను. ఇక ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడే డిగ్రీ చదివే మా అమ్మాయి కాలేజీలో సైన్స్ దినోత్సవానికి ఉపన్యాసం రాసుకొచ్చి, "అమ్మా, తెలుగు తప్పులు చూడవా" అంది. చంద్రయాన్-1 మీద. తప్పులు దిద్దడానికి కూర్చున్నదాన్ని, విషయంలో పడి దిద్దడం మరిచిపోయాను.

2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ నౌకలో 11 పరికరాలు ఉంటే మన దేశానివి 5. మిగతా వాటిలో ఐరోపా వాళ్లవి 3, అమెరికావి 2, బల్గేరియాది 1. బండి మనది, సామాను అందరిది. అమెరికా పంపిన 'మూన్ మినరాలజీ మ్యాపర్' చంద్రుడి నేల మీద పడి తిరిగొచ్చే ఎండను విడదీసి చూసి, ఎక్కడ ఏ ఖనిజం ఉందో చెబుతుంది. ఆ బృందానికి పెద్ద, బ్రౌన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కార్లీ పీటర్స్. ఆడమనిషే.

తిరిగొచ్చిన వెలుగులో, నీరో దానికి చుట్టమైన హైడ్రాక్సిలో ఉంటేనే తగ్గే భాగం ఒకటి తగ్గి కనిపించింది. అపోలో రాళ్లు తెచ్చినప్పటి నుంచి చంద్రుడు ఒట్టి ఎండు నేల అనే అందరి నమ్మకం. అందుకే ఆ బృందం ముందు తమ పరికరాన్నే అనుమానించింది. తర్వాత వేరే వాళ్ల కొలతలు వెతికారు. శనిగ్రహానికి పోతూ కసీని నౌక 1999లో చంద్రుణ్ని చూసిన లెక్కలు తీశారు. తోకచుక్క కోసం వెళ్తున్న డీప్ ఇంపాక్ట్ నౌక 2009 జూన్‌లో చంద్రుణ్ని చూసింది. ఆ పని నడిపిన జెస్సికా సన్‌షైన్ పీటర్స్ బృందంలోనూ ఉంది. మూడు లెక్కలూ కలిశాకే 2009 సెప్టెంబర్‌లో లోకానికి చెప్పారు.

అప్పటికే, ఆగస్టు 29న, చంద్రయాన్-1తో సంబంధం తెగిపోయింది. కానీ కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. చంద్రుడి ధ్రువాల దగ్గర నేలపైనే మంచు ఉందని 2018లో తేల్చింది కూడా వాటిలోంచే.

అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా మిషన్‌ను అనుమానిస్తే నన్నే అన్నట్టు ఉడుక్కున్నాను గానీ, ఒక్కసారైనా పరీక్షించానా?

మరునాడు మిషన్ పట్టుకొని అత్తమ్మతో డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన దాంతో పోల్చి చూస్తే నాది నిజంగానే 8 ఎక్కువ చూపిస్తోంది. అంటే అక్క అన్నదాంట్లో కొంత నిజం ఉంది. కానీ 8 తీసేసినా 160 పైనే!

ఆ సంగతే ముందు ఒప్పుకొని, అక్కకు ఫోన్ చేశాను. కాసేపు ఊరుకొని, "ఉండు, చీటీలు తీస్తా" అన్నది. వాళ్లు చూసినవన్నీ పొద్దున చూసినవే. భూపాలపల్లి చెల్లె గోడ క్యాలెండర్ మీద రాసుకున్న సాయంత్రం అంకెలు చదివింది: 158, 162. "నేను చెప్తే ఎవరేమనుకుంటరో అని ఊకున్న అక్కా" అన్నది.

మూడిళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. అత్తమ్మను కూర్చోబెట్టి మెల్లగా అడిగితే చెప్పింది. రెండో పూట గోలీ వేసుకుంటే రాత్రి మాటిమాటికి లేవాల్సి వస్తోందట. "మిమ్ముల లేపుడెందుకని ఇడిసిపెట్టిన బిడ్డా" అంది. మూడిళ్లలోనూ అదే చేసింది. వేసుకుంటుందిలే అని ముగ్గురం అనుకున్నాం. డాక్టర్ గోలీ మార్చారు.

ఇప్పుడు ఒకటే మిషన్, ఒకటే పుస్తకం, అత్తమ్మ సంచిలో ఆమెతోపాటే తిరుగుతున్నాయి. నిన్న భూపాలపల్లి నుంచి పుస్తకం ఫొటో వచ్చింది. పొద్దున 134, సాయంత్రం 138. కింద అక్క మెసేజ్: "గోలీ నీ కండ్ల ముందట వేసుకున్నదా?"

నేనూ అదే టైప్ చేస్తున్నాను.